మైనూకి సరైన చోటు ఏది?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది విజయనగరం. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. స్కూల్ రోజుల నుంచీ మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. మా హాస్టల్‌లో మన కుర్ర మిడ్‌ఫీల్డర్ కోబీ మైనూ గురించి రోజూ గొడవే. ఒకడు అతను 6వ నంబర్ (డిఫెండర్ల ముందు కాపలా ఉండేవాడు) అంటాడు. ఇంకొకడు 10లో, అంటే స్ట్రైకర్ వెనకాలే, ఆడిస్తేనే గోల్స్ వస్తాయంటాడు. నేను ఆ రెండిటి మధ్య ముందుకీ వెనక్కీ తిరిగే 8 అంటాను. 2025-26 సీజన్‌లో అమోరిమ్ కోచ్‌గా ఉన్నన్నాళ్లూ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా అతన్ని మొదటి నుంచి ఆడించలేదు. ఆయన చోట కారిక్ రాగానే గ్రౌండ్‌లోకి దించాడు. అసలు అతనిలో అంత సత్తా ఉందా, లేక మన అకాడమీ కుర్రాడు కదా అని మనమే ఎక్కువ ఊహించుకుంటున్నామా? అతనికి సరిపోయే స్థానం ఏది? ఇంకో సంగతి. నేను కూడా మా కాలేజీ టీమ్‌లో మిడ్‌ఫీల్డర్‌నే. ఈ ఏడాది మా పీఈటీ సార్ నన్ను రైట్ వింగ్‌కి మార్చారు. బాల్ నా దగ్గరికే రావడం లేదు. ఆట మానేద్దామా అనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు: తమ్ముడూ,

ముందు ఆ మొదటి సందేహం తీర్చేస్తాను. సత్తా ఉందా అని అడిగావు. ఉంది, చాలా ఉంది. మన అకాడమీ కుర్రాడన్న అభిమానం కొద్దీ అంటున్న మాట కాదిది.

2024 ఫిబ్రవరి 1న వుల్వ్స్‌తో వాళ్ల గ్రౌండ్‌లో జరిగిన మ్యాచ్ గుర్తుందా? మొదటి 22 నిమిషాల్లోనే మనకి రెండు గోల్స్ ఆధిక్యం. చివరికొచ్చేసరికి అదంతా కరిగిపోయి, 95వ నిమిషంలో పెడ్రో నెటో గోల్‌తో 3-3 అయింది. మనకిక్కడ తెల్లవారుజామున మూడున్నర దాటింది. ఇక అయిపోయిందనుకుని టీవీ కట్టేసి పడుకున్నవాళ్లు నాకు తెలుసు. 97వ నిమిషంలో ఎడమ పక్కన బాల్ మైనూకి అందింది. ఎదురుగా డిఫెండర్లు. అలసిపోయిన కాళ్లు, చెవులు చిల్లులు పడే అరుపులు, గడియారంలో సెకన్లు. అలాంటప్పుడు ఎవరైనా బాక్స్‌లోకి ఎత్తి కొట్టేస్తారు. అతను కొట్టలేదు. లోపలికి తిరిగాడు, డిఫెండర్‌ని దాటాడు, కుడి కాలితో దూరపు మూలకి వంపు తిప్పి పెట్టాడు. 4-3. ప్రీమియర్ లీగ్‌లో అతని మొదటి గోల్ అది. అప్పటికి పద్దెనిమిదేళ్లు.

ఆ గోల్‌ని నేను చాలాసార్లు చూశాను. ఇప్పుడు షాట్ వైపు చూడను, షాట్‌కి ముందు ఆ రెండు మూడు సెకన్లే చూస్తాను. చుట్టూ అందరూ గాభరాగా ఉన్నారు, అతనొక్కడి ఒంట్లో తొందర లేదు. ఈ నిదానం నేర్పితే వచ్చేది కాదు. మిగతావన్నీ నేర్పొచ్చు.

మైనూ 2005 ఏప్రిల్ 19న మాంచెస్టర్ పక్కనే ఉన్న స్టాక్‌పోర్ట్‌లో పుట్టాడు. తల్లిదండ్రుల మూలాలు ఘనా దేశంలో ఉన్నాయి. చిన్నప్పుడే యునైటెడ్ అకాడమీలో చేరాడు. 2022లో ఎఫ్ఏ యూత్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆ ఫైనల్ చూడ్డానికి 67 వేల మందికి పైగా వచ్చారు, కుర్రాళ్ల మ్యాచ్‌కి! 2023 జనవరిలో చార్ల్టన్ మీద లీగ్ కప్‌లో సీనియర్ జట్టుకి మొదటిసారి ఆడాడు. ఆ వేసవిలో అమెరికాలో రియల్ మాడ్రిడ్‌తో స్నేహపూర్వక మ్యాచ్‌లో కాలికి దెబ్బ తగలకపోయి ఉంటే 2023-24 సీజన్ మొదటి రోజు నుంచే అప్పటి కోచ్ ఎరిక్ టెన్ హాగ్ అతన్ని ఆడించేవాడని నా నమ్మకం. నవంబర్ 26న ఎవర్టన్ గ్రౌండ్‌లో లీగ్‌లో మొదటిసారి పదకొండు మందిలో దిగాడు. ఆ రోజు గార్నాచో గాల్లోకి లేచి వెనక్కి కొట్టిన గోల్‌నే అందరూ గుర్తుపెట్టుకున్నారు. మన గోల్ లైన్ మీద నిలబడి, లోపలికి పోతున్న బాల్‌ని మైనూ బయటికి తన్నిన సంగతి చాలామంది మర్చిపోయారు. ఆ తర్వాత ఆరు నెలలకే, మే 25న, వెంబ్లీలో ఎఫ్ఏ కప్ ఫైనల్. మాంచెస్టర్ సిటీ మీద 2-1. రెండో గోల్ మైనూదే, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కూడా అతనే. ఇంకో రెండు నెలలు తిరగకుండానే బెర్లిన్‌లో యూరో ఫైనల్‌లో ఇంగ్లండ్ తరఫున మొదటి నుంచి ఆడాడు. పందొమ్మిదేళ్లకి ఇన్ని చూసినవాడిలో సత్తా ఉందా అని అనుమానపడాల్సిన పని లేదు.

ఇక మీ హాస్టల్ గొడవ. 6, 8, 10 అని మీరు ముగ్గురూ వాదించుకుంటున్నారు కానీ, ఆ వాదనలో ఒక చిక్కుంది. మనం నంబర్ చెప్పినప్పుడు గ్రౌండ్ మీద ఒక చుక్క పెట్టి, ఆటగాణ్ణి అక్కడ నిలబెడుతున్నాం. మిడ్‌ఫీల్డర్ అలా నిలబడే మనిషి కాదు. అతని గురించి నేనైతే రెండే అడుగుతాను. బాల్ అందేటప్పుడు అతని మొహం ఎటు ఉంది? అతని పక్కన ఎవరున్నారు? ఈ రెండూ తెలిస్తే నంబర్ దానంతటదే తేలుతుంది.

మొదటిది చూద్దాం. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు ఒక పని చెయ్యి. పది నిమిషాలు బాల్‌ని వదిలేసి మైనూని మాత్రమే చూడు. మన గోల్‌కీపర్ దగ్గర బాల్ ఉన్నప్పుడు అతను డిఫెండర్లకి కాస్త ముందు, అటూ ఇటూ నెమ్మదిగా నడుస్తుంటాడు. ఒకసారి కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు, తర్వాత ఎడమ భుజం మీదుగా. పాస్ వచ్చేలోపు ఒంటిని ఒక పక్కకి తిప్పి ఉంచుతాడు. అంటే సగం మన గోల్ వైపు, సగం ఎదుటివాళ్ల గోల్ వైపు. ప్రత్యర్థి వెనక నుంచి మీదికి దూకుతాడు. బాల్ కాలికి తగిలే ముందే మైనూ భుజం ఒక పక్కకి వాలుతుంది, వచ్చినవాడు అటే పోతాడు. బాల్ మాత్రం రెండో వైపు దొర్లుతుంది. అంతే, ఒక మనిషి ఆటలో లేకుండా పోయాడు. ఎదురుగా ఖాళీ గడ్డి, తల పైకెత్తి మన కుర్రాడు.

పెద్ద క్లబ్‌లో దీనికి అంత విలువ ఎందుకంటే, ఇప్పటి ఫుట్‌బాల్ అంతా ప్రెస్సింగ్ మీదే నడుస్తోంది. మన కీపర్ దగ్గర బాల్ ఉండగానే నలుగురైదుగురు మీదికొచ్చి పడతారు. అప్పుడు రెండే దారులు. పైకి ఎత్తి కొట్టి అదృష్టాన్ని నమ్ముకోవాలి, లేదంటే ఆ ఒత్తిడి మధ్యలో బాల్ తీసుకుని తిరగగలిగేవాడు ఉండాలి. రెండో రకం మనుషులు చాలా తక్కువ. యునైటెడ్ ఏళ్ల తరబడి కోట్ల పౌండ్లు పోసి బయట కొన్న మిడ్‌ఫీల్డర్లలో కూడా ఈ పని తేలిగ్గా చేసినవాళ్లు ఒక చేతి వేళ్లకి సరిపోతారు. ఇంట్లోనే పెరిగినవాడు చేస్తున్నాడు.

ఇప్పుడు 10 దగ్గరికి రా. అక్కడ ఆడేవాడికి బాల్ అందేటప్పుడు వీపు గోల్ వైపు ఉంటుంది, వెనకాల సెంటర్ బ్యాక్, పక్కన డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్. తిరిగే చోటే ఉండదు. అక్కడ ఒక్క టచ్‌లో వదిలేయాలి, వదిలిన వెంటనే పరుగెత్తాలి. మన కెప్టెన్ బ్రూనో ఫెర్నాండెజ్ అందుకు పుట్టినవాడు. బాల్ రాకముందే మూడో పాస్ అతని మెదడులో ఉంటుంది, తప్పు పాస్ వేయడానికి భయపడడు. మైనూ స్వభావం అది కాదు. అతనికి ఆ అర సెకను కావాలి, ఆ తిరిగే చోటు కావాలి. 2024-25లో అమోరిమ్ 3-4-2-1 (వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, వాళ్ల ముందు ఇద్దరు, అందరికన్నా ముందు ఒకడు) తెచ్చాక అతన్ని ముందున్న ఇద్దరిలో ఒకడిగా పెట్టి చూశాడు. 2025 ఫిబ్రవరిలో క్రిస్టల్ ప్యాలెస్ మీదైతే ఏకంగా అందరికన్నా ముందు, స్ట్రైకర్ చోట ఆడించాడు. 2-0తో ఓడిపోయాం. ఆ సాయంత్రం మైనూని చూస్తే జాలేసింది. బాల్ కోసం మాటిమాటికీ మిడ్‌ఫీల్డ్‌లోకి వచ్చేసేవాడు, రాగానే ముందు ఎవరూ ఉండేవారు కాదు.

గోల్స్ వేస్తాడు కాబట్టి 10 అంటున్నాడు మీ ఫ్రెండ్. అతను వేసిన గోల్స్ ఒక్కోటీ తీసి చూడమను. కప్ ఫైనల్లో రాష్‌ఫర్డ్ కుడి వైపుకి పొడవాటి పాస్ వేశాడు, గార్నాచో లోపలికిచ్చాడు, బ్రూనో ఆ వైపు చూడకుండానే పక్కకి తోశాడు. అప్పటిదాకా ఫ్రేమ్‌లో లేని మైనూ వెనక నుంచి వచ్చి, కాలి లోపలి వైపుతో మొదటి టచ్‌లోనే పెట్టేశాడు. 2024 ఏప్రిల్‌లో లివర్‌పూల్ మీద గోల్ బాక్స్ అంచున తిరిగి కొట్టింది. 2025 ఏప్రిల్‌లో లియాన్ మీద యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్‌లో, ఓల్డ్ ట్రాఫర్డ్ ఊపిరి బిగబట్టి నిలబడ్డప్పుడు, 120వ నిమిషంలో 4-4 చేసింది బాక్స్‌లో ఇరుకు చోట తనకి తాను చోటు చేసుకుని. (మరుసటి నిమిషం మగ్వైర్ తల పెట్టాడు, 5-4. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.) ముందే అక్కడ కాపు కాసి కొట్టినవి కావివి. ఆలస్యంగా, ఎవరూ చూడనప్పుడు చేరుకుని కొట్టినవి. ఆ గుణం 8ది. ఆ విషయంలో నువ్వే కరెక్ట్.

మరి 6 ఎందుకు కాదు? ఇక్కడ అతని లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే నా మాట అభిమాని మాటగానే మిగిలిపోతుంది. మైనూకి పొడవాటి పరుగులో వేగం తక్కువ. చుట్టుపక్కల పది మీటర్లలో పాదరసమే. కానీ ఎదుటి జట్టు కౌంటర్ ఎటాక్‌లో నలభై మీటర్లు దూసుకుపోతుంటే వెంటపడి పట్టుకోవడం అతని వల్ల కాదు. టెన్ హాగ్ ఆఖరి సీజన్లలో మన ఫార్వర్డ్‌లు పైన ప్రెస్ చేసేవారు, డిఫెన్స్ మాత్రం వెనక్కి పోయేది. మధ్యలో ఊరంత ఖాళీ. ఆ ఖాళీని కాపాడమని పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి పెట్టారు. కొన్ని మ్యాచ్‌ల్లో ప్రత్యర్థులు అతని పక్క నుంచి దారి వేసుకుని పోయారు. అది చూసి ఇతను డిఫెన్స్ చేయలేడన్నారు. పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఒంటరిగా 6లో పెడితే అతనికి తలకు మించిన భారం. పక్కన తోడుంటే అదే పని బాగానే చేస్తాడు. ఇంకోటి, గ్రౌండ్ ఈ చివరి నుంచి ఆ చివరికి ఆట మార్చే పొడవాటి పాస్ అతను ఇంకా తరచుగా వెయ్యడు. వెయ్యలేక కాదు, దగ్గరి పాస్ మీద నమ్మకం ఎక్కువ. ఇది నేర్చుకోవాల్సిందే.

అమోరిమ్‌ని చాలామంది తిట్టారు. అతని లెక్క కూడా ఒకసారి చూడాలి. 3-4-2-1లో ఆ నలుగురిలో ఇద్దరు అంచుల్లో ఉంటారు, సరిగ్గా మధ్యలో ఇద్దరే ఉంటారు. ఎదుటి జట్టుకి అక్కడ ముగ్గురుంటే, ఈ ఇద్దరూ గ్రౌండ్ వెడల్పంతా పరిగెత్తాలి. అతను డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ కసెమీరోకి తోడుగా బ్రూనోని వెనక్కి తెచ్చి, మైనూ బ్రూనోతో పోటీ పడుతున్నాడని అందరి ముందే చెప్పాడు. ప్రతి మ్యాచ్ ఆడే కెప్టెన్‌తో పోటీ అంటే బెంచ్ మీద కూర్చోమనడమే. నాకు బాధ కలిగించింది కుర్రాణ్ణి పక్కన పెట్టడం కాదు. జట్టు గెలవకపోయినా ఆ పద్ధతిని కాస్త కూడా వంచకపోవడం బాధనిపించింది. 2025 ఆగస్టులో లోన్ మీద, అంటే కొన్నాళ్లు వేరే క్లబ్‌కి ఆడేలా, పంపమని మైనూ అడిగితే క్లబ్ ఒప్పుకోలేదు. పంపనూ లేదు, ఆడించనూ లేదు. ఇరవై ఏళ్ల ఆటగాడి విషయంలో ఇంతకన్నా పెద్ద తప్పు నాకు తెలీదు.

నేను అడుగుతానన్న రెండో ప్రశ్న, పక్కన ఎవరున్నారన్నది. యూరో 2024లో కోచ్ గారెత్ సౌత్‌గేట్ ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డ్ కోసం తల పట్టుకున్నాడు. డెక్లాన్ రైస్ పక్కన మొదట ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్‌ని పెట్టాడు, కుదర్లేదు. తర్వాత కానర్ గాలఘర్, అదీ కుదర్లేదు. స్లొవేకియా మ్యాచ్ నుంచి మైనూని పెట్టాడు, ఫైనల్ దాకా మార్చలేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పరుగెత్తి బాల్ లాక్కునే పని రైస్‌ది, లాక్కున్న బాల్‌ని పోగొట్టకుండా ముందుకి తీసుకుపోయే పని మైనూది. ఇద్దరూ ఒకరి లోటు ఒకరు పూడ్చుకున్నారు.

2026 జనవరిలో కూడా అదే చూశాం. అమోరిమ్ వెళ్లిపోయాక మైకేల్ కారిక్ వచ్చాడు. ఆటగాడిగా పన్నెండేళ్లు ఓల్డ్ ట్రాఫర్డ్ మధ్యలో నిలబడి పాస్‌లు వేసిన మనిషి, మిడ్‌ఫీల్డర్‌కి ఏం కావాలో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక నలుగురు డిఫెండర్లు, మధ్యలో కసెమీరో, మైనూ, వాళ్ల ముందు బ్రూనో. జనవరి 17న సిటీ మీద 2-0. వారం తర్వాత ఆర్సెనల్ మీద వాళ్ల గ్రౌండ్‌లోనే 3-2. నెలల తరబడి సరిగ్గా ఆడని కాళ్లు ఆ సిటీ మ్యాచ్‌లో మొదటి అరగంటలోనే ఊపందుకున్నాయి. ఎప్పుడూ ఆపనట్టే భుజాల మీదుగా చూపులు, ఆ తిరగడాలు. టీవీ ముందు కూర్చున్న నాకే గొంతు పూడుకుపోయింది.

కాబట్టి నా మాట ఇది. ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు వెనక ఉండే పద్ధతిలో ఆ ఇద్దరిలో ముందుకి కదిలేవాడు మైనూ. ముగ్గురుండే పద్ధతిలో అయితే ఎడమ వైపు 8. పేపర్ మీద ఇవి రెండు చోట్లు, గ్రౌండ్ మీద దాదాపు ఒకటే చోటు. బాల్ వెనక నుంచి అందాలి, ఎదురుగా చోటుండాలి, పక్కన గట్టి కాళ్లున్న మనిషి ఒకడు కాపు కాయాలి. 2025-26 సీజన్ చివర్లో వెళ్లిపోతానని కసెమీరో ఆ జనవరిలోనే చెప్పేశాడు. అందుకే మైనూ భవిష్యత్తు గురించి నన్నడిగితే, మైనూ సంగతి తర్వాత, ముందు కసెమీరో చోట ఎవరిని తెస్తారో చూడమంటాను. బాగా పరిగెత్తి, గాల్లో బాల్ గెలిచి, డిఫెండర్ల ముందు గోడలా నిలబడేవాణ్ణి తెస్తే మైనూ పదేళ్లు మన మిడ్‌ఫీల్డ్‌ని నడుపుతాడు. అతనిలాంటి ఇంకో నాజూకు ఆటగాణ్ణి తెచ్చి పక్కన పెడితే పాత గొడవలన్నీ మళ్లీ మొదలవుతాయి.

అమ్మేస్తారేమో అన్న భయం నీ ఉత్తరంలో లేదు కానీ, మీ హాస్టల్‌లో అదీ నడుస్తూ ఉంటుంది. ఆ పుకార్లకి ఒక కారణముంది. బయట కొన్న ఆటగాణ్ణి అమ్మితే, కొన్న ధరలో ఇంకా లెక్క తేలని భాగాన్ని తీసేశాకే లాభం రాసుకోవాలి. అకాడమీలో పెరిగినవాడికి కొన్న ధరే లేదు, వచ్చిందంతా లాభమే. ఇంగ్లండ్‌లో నష్టాల మీద పరిమితి పెట్టే నిబంధనలు వచ్చాక క్లబ్‌లన్నిటికీ సొంత పిల్లల్ని అమ్మడమే తేలికైన దారి అయిపోయింది. 1937 అక్టోబర్ నుంచి ప్రతి మ్యాచ్ జట్టులోనూ అకాడమీ కుర్రాడు కనీసం ఒకడైనా ఉన్నాడని గర్వంగా చెప్పుకునే క్లబ్ ఆ దారి పట్టకూడదని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

అలా వెళ్లినవాళ్లలో స్కాట్ మెక్‌టామినేని చూడు. అతను కూడా చిన్నప్పటి నుంచి యునైటెడ్‌లో పెరిగినవాడే. ఏళ్ల తరబడి డిఫెండర్ల ముందు కాపలా పని ఇచ్చారు. 2024 ఆగస్టులో నాపోలికి అమ్మారు. అక్కడ ఆంటోనియో కాంటే అతన్ని ముందుకి వదిలాడు. మొదటి సీజన్లోనే లీగ్‌లో 12 గోల్స్, నాపోలికి టైటిల్, ఇటలీ లీగ్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు. మనిషి మారలేదు, కాళ్లు మారలేదు, చోటు మారిందంతే.

వెనక్కి వెళ్లి బాగుపడ్డవాళ్లూ ఉన్నారు. మన యునైటెడ్‌లోనే పాల్ స్కోల్స్ 1994లో ఫార్వర్డ్‌గా మొదలుపెట్టాడు, మొదటి మ్యాచ్‌లోనే రెండు గోల్స్. ఏళ్లు గడిచేకొద్దీ వెనక్కి జరుగుతూ వచ్చి, చివరికి సెంటర్ సర్కిల్ దగ్గర నిలబడి ఆటని నడిపించాడు. ఇటలీ మిడ్‌ఫీల్డర్ ఆండ్రియా పిర్లో సంగతి ఇంకా బాగుంటుంది. కుర్రాడిగా అతను 10. 2001లో ఇంటర్ అతన్ని బ్రెషాకి లోన్ మీద పంపితే అక్కడ 10లో సాక్షాత్తూ రొబెర్టో బాజ్జో ఉన్నాడు. కోచ్ కార్లో మజోనే పిర్లోని డిఫెండర్ల ముందుకి దించాడు. చోటు లేక వెనక్కి జరిపిన ఆ కుర్రాడు తర్వాత మిలాన్‌లో, ఇటలీ జట్టులో అక్కడి నుంచే ప్రపంచాన్ని ఏలాడు.

ఈ విద్య మనకీ కొత్త కాదు తమ్ముడూ. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకి కోచ్‌గా ఉన్నప్పుడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. తర్వాత రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద జర్నైల్ గోల్ కొట్టాడు, 2-1తో బంగారు పతకం మనది. ఆ చోటు మార్పు వెనక ఉన్నది మన హైదరాబాదీ బుర్ర.

మైనూ ఎంత ఎత్తుకి వెళ్తాడు అంటే, ఎవరితోనూ పోల్చను. ఇంగ్లండ్ కుర్రాళ్లకి ఆ పోలికలే శాపం. నాకు కనిపిస్తున్నది ఇది. ఇప్పుడున్న నైపుణ్యానికి పొడవాటి పాస్ తోడైతే, సీజన్‌కి ఏడెనిమిది సార్లు ఆ కప్ ఫైనల్ గోల్ లాంటి ఆలస్యపు పరుగు ఫలిస్తే, యూరప్‌లో ఏ జట్టులోనైనా ఆడతాడు. అది రేపే జరగాలని లేదు. సిటీలో ఇల్కాయ్ గుండోగన్ ఏళ్ల పాటు వెనక పాస్‌లు వేసుకుంటూ ఉండి, ముప్పై ఏళ్ల వయసులో 2020-21లో లీగ్‌లో 13 గోల్స్ వేసి ఆ జట్టులో అందరికన్నా ముందున్నాడు. మిడ్‌ఫీల్డర్‌కి పాతికేళ్ల తర్వాతే అసలు ఆట మొదలవుతుంది. మైనూకి కావాల్సింది మ్యాచ్‌లు. అవి వారం వారం దొరకాలి, తప్పు చేసిన మరుసటి వారం కూడా దొరకాలి.

ఇప్పుడు నీ సంగతి. నిజానికి ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆట మానేద్దామా అన్న ఆ మాటే.

నేనూ జిల్లా స్థాయి దాకా మిడ్‌ఫీల్డ్‌లో ఆడాను. పంతొమ్మిదేళ్లప్పుడు ఒక కోచ్ నన్ను లెఫ్ట్ బ్యాక్‌కి మార్చారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అది శిక్ష అనుకున్నాను. రెండు నెలలు మొహం మాడ్చుకుని ప్రాక్టీస్‌కి వెళ్లి, ఒక రోజు బూట్లు కిటికీకి తగిలించి ఇక వెళ్లలేదు. చాలా ఏళ్ల తర్వాత అదే కోచ్ ఒక పెళ్లిలో కనిపించి, "నీ ఎడమ కాలు బాగుండేది రా, అక్కడ ఒక సీజన్ ఆడితే మళ్లీ మధ్యలోకి తెద్దామనుకున్నాను" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే నువ్వు మానెయ్యొద్దు. ముందు మీ సార్ దగ్గరికి వెళ్లి, ప్రాక్టీస్ అయ్యాక, ఎవరూ లేనప్పుడు అడుగు. "నన్నెందుకు మార్చారు" అని కాకుండా, "సార్, వింగ్‌లో నా నుంచి మీకేం కావాలి" అని అడుగు. మొదటి దానికి సంజాయిషీ వస్తుంది, రెండో దానికి పని దొరుకుతుంది.

బాల్ రావడం లేదన్నావు. బహుశా లైన్ మీద నిలబడి చెయ్యి ఊపుతున్నావేమో. మిడ్‌ఫీల్డర్‌గా ఉన్నప్పుడు ఆట నీ చుట్టూ తిరిగేది. వింగ్‌లో నువ్వే ఆట దగ్గరికి పోవాలి. మీ రైట్ బ్యాక్ దగ్గర బాల్ ఉన్నప్పుడు నాలుగడుగులు లోపలికి రా, ఒళ్లు సగం తిప్పి ఉంచు. ఆ రైట్ బ్యాక్‌తో మాట్లాడుకో, నువ్వు లోపలికొస్తే అతను నీ బయట నుంచి పరిగెత్తాలని. పక్కనే టచ్‌లైన్ ఉంటుంది కాబట్టి నీకు ఒక వైపు నుంచి ఎవరూ రారు. ఇరుకులో తిరగడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు. జర్మనీ క్లబ్ బయెర్న్‌లో ష్వైన్‌స్టైగర్ ఏళ్ల పాటు వింగ్‌లోనే ఆడాడు. 2009లో కోచ్‌గా లూయీ వాన్ గాల్ వచ్చి మధ్యలోకి తెచ్చాడు. ఆ తర్వాత 2013లో చాంపియన్స్ లీగ్, 2014లో ప్రపంచ కప్.

ఇంకొక్క పని. వచ్చే మ్యాచ్‌కి మీ హాస్టల్ ఫ్రెండ్ ఒకణ్ణి ఫోన్ ఇచ్చి నిలబెట్టు. ఆ 10 అనే అతనైతే మరీ మంచిది. బాల్ ఎక్కడున్నా సరే, ఇరవై నిమిషాలు నిన్నే తియ్యమను. రాత్రి కూర్చుని చూడు. బాల్ నీకు అందే ముందు ఎన్నిసార్లు భుజం మీదుగా వెనక్కి చూశావో లెక్కపెట్టు. మొదటిసారి ఆ సంఖ్య బాగా తక్కువ ఉంటుంది, టెన్షన్ పడకు. నాలుగు వారాలు వరుసగా లెక్క రాసుకో. ఐదో వారం ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు. మీ సార్ ఏమన్నారో కూడా రాయి.